బాల్చీ తన్నేశారని సంతాపం చెప్పలేం

తెలిసినవాళ్లింట్లో పెద్దాయన పోయారు. పలకరించడానికి వెళ్లి "మీ నాన్నగారు బాల్చీ తన్నేశారటగా" అని ఎవరూ అనరు. ఆ మాటకు చనిపోవడమనే అర్థం ఉందని తెలుగు వచ్చినవాళ్లందరికీ తెలుసు. ఎక్కడ అనకూడదో అంతకన్నా బాగా తెలుసు. కాలం చేశారు, పరమపదించారు, పోయారు, టపా కట్టేశాడు, బాల్చీ తన్నేశాడు: అన్నిటి అర్థం ఒక్కటే. అయినా మొదటిదాని చోట చివరిది వాడితే ఆ ఇంటి గడప మళ్లీ తొక్కలేం.

ఇంగ్లీషు జాతీయాల దగ్గరికొచ్చేసరికి ఈ ఇంగితాన్ని చెప్పులతో పాటు గుమ్మం బయటే విడిచేస్తున్నాం. మన పుస్తకాల్లో, వీడియోల్లో కనిపించే పట్టికలో ఎడమపక్క "కిక్ ద బకెట్" అని ఉంటుంది, కుడిపక్క "చనిపోవు" అని. దాని కిందే "పాస్ అవే", దానికెదురుగా కూడా "చనిపోవు". ఈ పట్టిక బట్టీ పట్టిన కుర్రాడు రేపు విదేశంలో ఉన్న మేనేజరుకు పితృవియోగం కలిగిందని తెలిసి ఈమెయిల్ రాయబోతే, రెండింటిలో ఏది రాయాలో పట్టిక చెప్పదు. పైగా మనదేశపు ఇంగ్లీషులో అలవాటైన "ఎక్స్‌పైర్డ్" ఉండనే ఉంది. బయటి దేశాల చెవికి అది మందుసీసాకో పాస్‌పోర్టుకో గడువు తీరినట్టు వినిపిస్తుంది. "పాస్డ్ అవే" ఒక్కటే అక్కడ నప్పుతుంది.

"వంద జాతీయాలు, వాటి అర్థాలు" తరహా పాఠాల మీద నా అభ్యంతరం ఇదే. జాతీయంలో అన్నిటికన్నా తేలిగ్గా దొరికేది అర్థం. ఫోను తీస్తే అర నిమిషం పని. అందులో ఏ మాట కదలదు, ఏ మాట మారుతుంది, ఎవరు ఎవరితో అంటారు, ఇప్పటికీ అంటున్నారా, ఏ దేశంలో అంటున్నారు అన్నవి అంత సులువుగా దొరకవు. అవి తెలియకుండా అర్థం ఒక్కటే తెలిసినవాడు, అసలేమీ తెలియనివాడికన్నా ఎక్కువ ఇబ్బందుల్లో పడతాడు. తెలియనివాడు కనీసం వాడడు కదా.

బాల్చీనే ఇంకాస్త చూద్దాం. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ కూర్చిన ఇంగ్లీషు వాడుక మాటల నిఘంటువులోనే "కిక్ ద బకెట్" "చనిపోవు" అనే అర్థంతో ఉంది. అంటే రెండు వందల ఏళ్లు పైబడ్డ మాట. బకెట్ ఎందుకొచ్చిందనడానికి చాలా కథలున్నాయి. కోసిన పందుల్ని వేలాడదీసే దూలాన్ని ఇంగ్లండులో కొన్నిచోట్ల బకెట్ అనేవారన్నది వాటిలో కొంచెం నమ్మదగింది. రుజువు మాత్రం లేదు. నేర్చుకునేవాళ్లకు ఆ కథకన్నా దాని వ్యాకరణం ముఖ్యం. "హి కిక్డ్ ద బకెట్" అంటే చచ్చాడని. "ద బకెట్ వాజ్ కిక్డ్ బై హిమ్" అని కర్మణి ప్రయోగంలోకి మారిస్తే ఎవడో నిజంగానే బకెట్టును తన్నాడని అర్థమైపోతుంది. "ఎ బకెట్" అన్నా, "బకెట్స్" అన్నా అంతే. మూడు వారాలు చావుబతుకుల్లో ఉన్న మనిషి గురించి "హి వాజ్ కికింగ్ ద బకెట్ ఫర్ త్రీ వీక్స్" అనడం కూడా కుదరదు.

అదే "స్పిల్ ద బీన్స్" తీసుకుంటే, గుట్టు బయటపెట్టడమని అర్థం. దీన్ని తిప్పి "ద బీన్స్ వర్ స్పిల్డ్" అన్నా అర్థం చెడదు. రెండూ జాతీయాలే అయినప్పుడు ఒకటి తిరిగి రెండోది ఎందుకు తిరగదు? 1994లో జెఫ్రీ నన్‌బర్గ్, ఐవన్ సాగ్, థామస్ వాసో అనే ముగ్గురు భాషావేత్తలు దీనికి చక్కటి వివరణ ఇచ్చారు. "స్పిల్ ద బీన్స్"లో ఒలకబోయడం అంటే బయటపెట్టడం, గింజలంటే రహస్యాలు. అర్థం ముక్కలుగా విడిపోయి ఒక్కో మాట మీద కూర్చుంటుంది. బకెట్టులో అలా విడిపోదు. చావులో తన్నడమేది, బకెట్ ఏది? మొత్తం కలిసి ఒకటే ముద్ద. అందుకే కొత్త జాతీయం ఎదురైనప్పుడు నేను మొదట అడగమనేది "దీని అర్థం విడిపోతుందా, ముద్దా?" అని. విడిపోతే కొంత అటూ ఇటూ మార్చుకోవచ్చు. "పుల్ స్ట్రింగ్స్"లో స్ట్రింగ్స్ అంటే పలుకుబడి కాబట్టి "హి పుల్డ్ సమ్ స్ట్రింగ్స్" అనవచ్చు, "స్ట్రింగ్స్ వర్ పుల్డ్" అనవచ్చు. ముద్ద అయితే చెయ్యి పెట్టకండి, కాలం మాత్రం మార్చుకోండి.

తెలుగులో ఈ సంగతి మనకు పుట్టుకతో తెలుసు. చెయ్యిచ్చాడు, చెయ్యి చేసుకున్నాడు, చెయ్యి తడిపాడు, చేతులెత్తేశాడు. మొదటిది నమ్మించి మోసం, రెండోది కొట్టడం, మూడోది లంచం, నాలుగోది నా వల్ల కాదనడం. "చేతులెత్తేశాడు"ను ఏకవచనం చేసి "చెయ్యెత్తాడు" అంటే క్లాసులో సందేహం అడిగినట్టుంటుంది, లేదా కొట్టబోయినట్టు. అంత చిన్న తేడాతో మనిషి ఓడిపోవడం కాస్తా కొట్లాటకు దిగడమైపోయింది. ఇంగ్లీషు వాళ్ల "ద", "ఎ", బహువచనపు చివరి "స్" కూడా అంత పనీ చేస్తాయి. "ఎ పీస్ ఆఫ్ కేక్" అంటే సునాయాసమైన పని. రెండు పరీక్షలు తేలిగ్గా ఉన్నాయని "టూ పీసెస్ ఆఫ్ కేక్" అంటే రెండు కేకు ముక్కలే. "బోత్ ఎగ్జామ్స్ వర్ ఎ పీస్ ఆఫ్ కేక్" అనాలి. కర్త పని కావాలి, మనిషి కాకూడదు. సులువుగా మెడలు వంచగలిగిన మనిషిని "హి ఈజ్ ఎ పీస్ ఆఫ్ కేక్" అనరు.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది కంటి దగ్గర. "కీప్ యాన్ ఐ ఆన్", "హావ్ యువర్ ఐ ఆన్", "హావ్ యాన్ ఐ ఫర్" అన్నీ ఒక్కలాగే వినిపిస్తాయి. మొదటిది కనిపెట్టుకుని ఉండటం, రెండోది కావాలని ఆశపడటం, మూడోది నాణ్యత గుర్తుపట్టే నేర్పు. వీటిని ఇంగ్లీషు అర్థాలతో కంఠతా పట్టనక్కర్లేదు. "పిల్లాడి మీద ఓ కన్నేసి ఉంచు" అన్నది మొదటిది. "ఆ స్థలం మీద కన్నేశాడు" అన్నది రెండోది. రెండింటిలోనూ కన్ను వేయడమే, "ఉంచు" చేరితే కాపలా, చేరకపోతే ఆశ. ఇంగ్లీషులో ఆ తేడాను "కీప్", "హావ్" అనే క్రియలు మోస్తున్నాయి. మూడోదానికి కన్నుతో మనకు అచ్చంగా సరిపోయేది లేదు. "రంగుల ఎంపికలో ఆమె చెయ్యి తిరిగినది" అని చేతితో చెప్పుకోవాలి. నాలుగోది "సీ ఐ టు ఐ". ఇది కళ్లలో కళ్లు పెట్టి చూసుకోవడం కాదు, అభిప్రాయం కలవడం. ఇంగ్లీషువాళ్లు దీన్ని ఎక్కువగా వ్యతిరేకార్థంలోనే వాడతారు: "వుయ్ డోంట్ సీ ఐ టు ఐ ఆన్ దిస్." విషయానికి ముందు "ఆన్", మనిషికి ముందు "విత్".

వ్యతిరేకార్థంలోనే బతికే జాతీయాలు ఇంకా కొన్నున్నాయి. వాటిని పట్టికలు అసలు గుర్తించవు. "లిఫ్ట్ ఎ ఫింగర్: సాయం చేయు" అని రాసి వదిలేస్తారు. అది చదివినవాడు "మా అన్నయ్య నా పెళ్లికి చాలా సాయం చేశాడు" అనడానికి "హి లిఫ్టెడ్ ఎ ఫింగర్" అంటే వినేవాళ్లకు ఏమీ అర్థం కాదు. "డిడ్నాట్ లిఫ్ట్ ఎ ఫింగర్" అన్నప్పుడే అది జాతీయం. మనం "ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టడు" అంటాం. ఒళ్లొంచి పనిచేసేవాణ్ణి మెచ్చుకోవడానికి "ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెడతాడు" అని ఎప్పుడైనా అన్నామా? "కాంట్ హోల్డ్ ఎ క్యాండిల్ టు" కూడా ఇలాంటిదే: ఫలానావాడి కాలి గోటికి సరిపోడు. మనకూ "సరిపోతాడు" అనే పొగడ్త లేదు.

మాటలు ఒకటే, అర్థం వేరు. ఇలాంటి జాతీయాలు ఇంకా ప్రమాదం. మనం కాళ్లు పట్టి లాగడమంటే పైకి వస్తున్నవాణ్ణి కిందికి గుంజడం, అసూయ. ఇంగ్లీషులో "పుల్లింగ్ మై లెగ్" అంటే సరదాకి అబద్ధం చెప్పి ఆటపట్టించడం. అందులో ద్వేషం ఉండదు. ఆఫీసులో తన మీద కుట్ర జరుగుతోందని హెచ్చార్‌కు ఫిర్యాదు రాస్తూ "మై కొలీగ్స్ ఆర్ పుల్లింగ్ మై లెగ్" అన్నారనుకోండి, చదివే అమెరికన్‌కు స్నేహితులు జోకులేసుకుంటున్నట్టు అనిపిస్తుంది. అసలు బాధ ఆ ఉత్తరంలో కనిపించకుండా పోతుంది. అక్కడ రాయాల్సింది "దే ఆర్ అండర్‌మైనింగ్ మీ". "చెయ్యిచ్చాడు" కూడా అంతే. "హి గేవ్ మీ ఎ హ్యాండ్" అంటే నాకు సాయపడ్డాడని. నమ్మకద్రోహాన్ని మీరు కృతజ్ఞతగా మార్చేసినట్టు. దానికి "హి లెట్ మీ డౌన్" అనండి.

సందర్భం తప్పితే సరైన జాతీయం కూడా ముల్లులా గుచ్చుకుంటుంది. "అండర్ ద వెదర్" మన ఆఫీసుల్లో సెలవు ఈమెయిళ్లలో బాగా పనికొచ్చే మాట. జలుబు, ఒళ్లునొప్పులు, కాస్త జ్వరం. అంతవరకే. ఐసీయూలో ఉన్న తండ్రి గురించి "హి ఈజ్ అండర్ ద వెదర్" అంటే ఆయన పరిస్థితిని చులకన చేసినట్టే. "బ్రేక్ ఎ లెగ్" రంగస్థలం మాట, బాగా చెయ్యమని వేదికెక్కబోయే నటులకూ గాయకులకూ చెప్పేది. మోకాలి ఆపరేషనుకు వెళ్తున్న అత్తగారికి చెప్పేది కాదు. "డ్రాప్డ్ ద బాల్" అంటే అజాగ్రత్త వల్ల పని చెడగొట్టడం. "వుయ్ డ్రాప్డ్ ద బాల్" అని మీ జట్టు గురించి మీరంటే తప్పు ఒప్పుకున్న హుందాతనం. "యు డ్రాప్డ్ ద బాల్" అని ఎదుటివాణ్ణంటే నేరారోపణ. అర్థం ఒక్క పిసరు మారలేదు, సర్వనామం మారింది. "కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్" అంటే ఉన్నదున్నట్టు అనడం, దాని పుట్టుకలో ఏ తప్పూ లేదు. గ్రీకులో తొట్టె అని ఉన్నదాన్ని లాటిన్‌లోకి తెచ్చేటప్పుడు డచ్ పండితుడు ఎరాస్మస్ పార అని రాయడం వల్ల వచ్చింది. కానీ 20వ శతాబ్దపు అమెరికాలో "స్పేడ్" నల్లజాతివారిని కించపరిచే తిట్టుగా కూడా వాడారు కాబట్టి అమెరికన్ ఆఫీసులో ఈ జాతీయం జోలికి పోకపోవడమే మంచిది.

ఇక వయసు. మన బడి పుస్తకాల్లో తప్పకుండా ఉండే జాతీయం "ఇట్స్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్". 1738లో ఐరిష్ రచయిత జొనాథన్ స్విఫ్ట్ రాతలో అది అచ్చయింది. ఈ రోజు లండన్‌లో కుండపోత కురుస్తుంటే "ఇట్స్ పోరింగ్" అనో, "ఇట్స్ బకెటింగ్ డౌన్" అనో అంటారు. కుక్కలూ పిల్లులూ ఎక్కువగా పరాయి భాషవాళ్ల నోటే వినిపిస్తాయి. దీని పుట్టుక గురించి ఓ కథ తెలుగులోనూ తిరుగుతోంది: పాతకాలంలో గడ్డికప్పుల మీద జంతువులు పడుకునేవనీ, వానకు జారి కింద పడేవనీ. 1999లో ఈమెయిళ్లలో చక్కర్లు కొట్టిన ఓ కట్టుకథలో ముక్క ఇది. పూరిల్లు చూసినవాళ్లెవరికైనా ఇందులో పస లేదని తెలుస్తుంది. వాన పడుతుంటే కుక్క ఇంటి కప్పెక్కి బయట పడుకోదు, చూరు కిందకి దూరుతుంది. నిజమైన పుట్టుక ఎవరికీ తేలలేదు. జాతీయం పక్కన ముచ్చటైన కథ కనిపించిందంటే నమ్మేముందు ఆగండి. కథ ఎంత బాగా అతికితే అంత అనుమానించాలి.

ఎప్పుడో అరుదుగా అనే అర్థమున్న "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్"కు కూడా ఒక లెక్క చెబుతారు: ఒకే నెలలో వచ్చే రెండో పున్నమి బ్లూ మూన్ అని. జాతీయం అంతకన్నా చాలా పాతది. ఈ లెక్క 1946 మార్చిలో "స్కై అండ్ టెలిస్కోప్" అనే అమెరికన్ పత్రికలో ఒక రచయిత పొరపాటు పడటం వల్ల వ్యాపించింది. ఆ లెక్కన చూస్తే బ్లూ మూన్ రెండున్నరేళ్లకు పైగా గడిస్తే ఒకసారి వస్తుంది. (మన చాంద్రమాన నెలలో రెండు పున్నములకు తావే లేదు.) మనం "అమావాస్యకో పున్నానికో" అంటాం. నిజానికి అవి పక్షానికొకటి వచ్చేవి, అయినా మాట మాత్రం అరుదుకే. కాబట్టి రెండు చోట్లా చంద్రుణ్ణి లెక్కపెట్టకండి, మాటను వినండి.

దేశం తేడా ఐటీ ఉద్యోగులకు నేరుగా తగిలే సమస్య. మనం చదువుకున్నది బ్రిటిష్ వారసత్వపు ఇంగ్లీషు, రోజూ మాట్లాడేది అమెరికన్ క్లయింటుతో. బ్రిటిష్ జాతీయాల్లో క్రికెట్ చాలా ఉంటుంది, అది మనకు కలిసొస్తుంది. చిక్కు పరిస్థితిని "స్టికీ వికెట్" అనగానే తడిసి, ఎండకు ఆరుతూ బంతి ఎటు తిరుగుతుందో తెలియని పిచ్ మన కళ్ల ముందు ఉంటుంది. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. "ద న్యూస్ నాక్డ్ హిమ్ ఫర్ సిక్స్" అంటే సిక్సరు కొట్టిన ఆనందం కాదు, ఆ వార్తకు మనిషి కుదేలయ్యాడని. జాతీయం బ్యాటరు వైపు లేదు, దెబ్బ తిన్న బంతి వైపు ఉంది.

అమెరికా వాళ్లవాటిలో బేస్‌బాల్ మాటలు చాలా. "బాల్‌పార్క్ ఫిగర్" అడిగారంటే ఉజ్జాయింపు అంకె కావాలని. దానికి "పదిహేడున్నర రోజులు" అని జవాబిస్తే వాళ్లు దాన్ని మాటివ్వడంగా తీసుకుంటారు. "రెండు నుంచి మూడు వారాలు" అని చెప్పి, ఇది అంచనా మాత్రమేనని ఒక వాక్యం చేర్చండి. "టచ్ బేస్ విత్" అంటే క్లుప్తంగా ఒకసారి మాట్లాడుకోవడం, గంటసేపు మీటింగ్ పెట్టొద్దు. "కర్వ్‌బాల్" విసిరారంటే ఊహించని చిక్కు తెచ్చారని. "ఐల్ టేక్ ఎ రెయిన్ చెక్" వింటే వానా, బ్యాంకు చెక్కూ గుర్తుకురావడం సహజం. 19వ శతాబ్దం చివర్లో వానకు ఆట ఆగిపోతే అదే టికెట్‌తో ఇంకో రోజు రానిచ్చే ఏర్పాటు అది. ఇప్పుడు "ఈసారికి వద్దులెండి, మరెప్పుడైనా" అనే మర్యాదైన తిరస్కారం. మళ్లీ తేదీ అడిగి మొహమాట పెట్టకూడదు.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది "టేబుల్". "లెట్స్ టేబుల్ దిస్" అని అమెరికన్ అంటే వాయిదా వేద్దామని. అదే మాట బ్రిటిషర్ అంటే ఇప్పుడే చర్చకు పెడదామని. రెండో ప్రపంచయుద్ధంలో రెండు దేశాల సైనికాధికారులు ఈ ఒక్క మాట మీద చాలాసేపు గట్టిగా వాదించుకున్నారని, తీరా చూస్తే ఇద్దరూ కోరుకున్నది ఒకటేనని చర్చిల్ తన జ్ఞాపకాల్లో రాశాడు. సొంత భాష మాట్లాడేవాళ్లే అంత చిక్కులో పడ్డ మాట ఇది. దీన్ని మీరు వాడొద్దు. ఎదుటివాళ్లు వాడితే "ఇప్పుడా, తర్వాతా?" అని అడిగి తేల్చుకోండి.

పోటీ పరీక్షల సంగతి వేరు. ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) లాంటి పరీక్షల్లో నాలుగు ఎంపికల్లోంచి అర్థం గుర్తిస్తే మార్కు వచ్చేస్తుంది, కాబట్టి పట్టికలు అక్కడికి సరిపోతాయి. మాటల మామూలు అర్థాన్నే చెప్పే ఎంపిక సాధారణంగా ఉచ్చు, దాన్ని ముందు కొట్టేయాలి. దగ్గర అర్థాల మధ్య తేడా కూడా పట్టుకోవాలి. "హాబ్సన్స్ చాయిస్" అంటే ముందు నుయ్యి వెనుక గొయ్యి అనుకుని చాలామంది మార్కు పోగొట్టుకుంటారు. కేంబ్రిడ్జ్‌లో గుర్రాలు అద్దెకిచ్చే థామస్ హాబ్సన్ తలుపు దగ్గరున్న గుర్రాన్నే తీసుకోవాలనేవాడు, లేదంటే అదీ లేదు. అంటే ఇష్టమైతే ఇది, లేకపోతే ఏదీ లేదు. ఎంచుకోవడానికి రెండు చెడ్డ దారులుంటే అది వేరే జాతీయం.

మాట్లాడటానికీ రాయడానికీ నేర్చుకునేవాళ్లు మాత్రం అర్థాల పట్టిక మూసేసి, విన్న వాక్యాన్ని విన్నట్టే పూర్తిగా రాసుకోవాలి. "లిఫ్ట్ ఎ ఫింగర్" అని కాదు, "షి డిడ్నాట్ లిఫ్ట్ ఎ ఫింగర్ టు హెల్ప్" అని. అందులో మారే మాటల కింద గీత గీయండి: "షి" బదులు ఎవరైనా రావచ్చు, "డిడ్నాట్" బదులు "హాజ్నాట్", "వోంట్" రావచ్చు, "టు హెల్ప్" లేకపోయినా ఫరవాలేదు. "లిఫ్ట్ ఎ ఫింగర్" కదలదు. పక్కన ఎవరు ఎవరితో ఏ స్వరంలో అన్నారో రాయండి: నిష్ఠూరం. కింద తెలుగు రాసేటప్పుడు అర్థం రాయకండి, మన ఇంట్లో అదే సందర్భంలో ఏమంటారో ఆ వాక్యం రాయండి: "ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టలేదు." తెలుగు వాక్యం తట్టకపోతే ఆ జాతీయం మీకింకా అందలేదన్నమాట. ఇంకో రెండు వాక్యాలు దొరికేదాకా దాన్ని నోటికి తేవద్దు.

వాడేముందు కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్, లాంగ్‌మన్ అభ్యాసకుల నిఘంటువుల్లో ఏదో ఒకటి తెరిచి ఆ జాతీయం పక్కనున్న చిన్న గుర్తు చూడండి. "ఇన్‌ఫార్మల్" అని ఉంటే స్నేహితులతో సరే, పైఅధికారికి రాసే ఉత్తరంలో వద్దు. "ఓల్డ్ ఫ్యాషన్డ్" అంటే చదివితే అర్థమైతే చాలు. "బ్రిటిష్" అని ఉంటే అమెరికన్ రూపం ఉన్నచోట తరచూ దాన్నీ ఇస్తారు: చిన్నదానికి పెద్ద గొడవ బ్రిటన్‌లో "స్టార్మ్ ఇన్ ఎ టీకప్", అమెరికాలో "టెంపెస్ట్ ఇన్ ఎ టీపాట్"; బ్రిటన్‌లో "టచ్ వుడ్", అమెరికాలో "నాక్ ఆన్ వుడ్". "హ్యూమరస్" అని ఉన్నదాన్ని చావు, జబ్బు, ఉద్యోగం పోవడం, విడాకుల దగ్గర ముట్టుకోవద్దు. అలాంటి చోట్ల జాతీయమే అక్కర్లేదు. తండ్రిని పోగొట్టుకున్న మేనేజరుకు "ఐ యామ్ వెరీ సారీ ఫర్ యువర్ లాస్" అని రాసి, ఈ వారం పనులు మేం చూసుకుంటామని ఇంకో వాక్యం చేర్చి పంపేయండి.